వెనక సీటు మనిషి

పెళ్ళయిన నాటినుంచీ విజ్దాన్ ప్రయాణమంతా కారు వెనక సీట్లోనే సాగింది. జెద్దాలో పాఠాలు చెప్పే బడికి పోవాలన్నా, తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్ళాలన్నా డ్రైవరు దయ. అతను ఆలస్యంగా వస్తే హెడ్‌మిస్ట్రెస్ చేత మాట పడేది ఈవిడ. ఒక్కనాడూ నోరెత్తలేదు. ఒళ్ళంతా కప్పే అబాయా అంచు తలుపులో పడకుండా ఒళ్ళోకి లాక్కోవడం, ఏసీ చల్లగాలి కోసం ముందు సీట్ల మధ్యకు వంగి కూర్చోవడం ఆమెకు అలవాటైపోయాయి. ఆడవాళ్ళూ బండి నడపొచ్చని సౌదీలో చట్టం మారి, లైసెన్సు చేతికొచ్చాక, ఇంటిల్లిపాదికీ సరిపోయే కారు తన జీతం మీద లీజుకు తీసుకుందామని మొదటిసారి షోరూముకు వచ్చింది. సేల్స్‌మాన్ మాత్రం ప్రతి ముక్కా ఆమె భర్త సాలిమ్‌కే చెప్పాడు. చివరికి "నడిపి చూస్తాను" అని లేచిన విజ్దాన్ గబగబా వెళ్ళి వెనక తలుపు తీసి కూర్చుంది.

"ఖాలా, స్టీరింగు ముందుంటుంది!" పిన్నిని పిలిచినట్టు పిలిచి సేల్స్‌మాన్ పకపకా నవ్వాడు.

"అలవాట్లో పొరపాటులే," సాలిమ్ కూడా నవ్వాడు.

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అయినా దిగలేదు. మోకాళ్ళు ముందు సీటుకు ఆనించి చూసింది. ఏసీ గాలి వచ్చే కంతల కోసం అరచేత్తో తడిమింది.

"మా అమ్మ కూర్చునేది ఇక్కడ. కాళ్ళు చాపుకునే చోటు లేదు, గాలి రాదు. నువ్వెప్పుడైనా వెనక కూర్చున్నావా, నాయనా?"

అతని నవ్వు ఆగింది. లోపలికెళ్ళి, కాస్త పెద్ద కారు తాళం తెచ్చి సాలిమ్‌కు అందించబోయాడు. సాలిమ్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"ఈసారి పొరపాటు నీదోయ్."

విజ్దాన్ తాళం అందుకుని, ముందు తలుపు తెరిచి, స్టీరింగు దగ్గర కూర్చుని, అబాయా అంచు ఒళ్ళోకి లాక్కుంది.

కార్లిచ్చే అయ్యలారా, వెంట వచ్చే మగవాళ్ళారా, బండి నడిపే మనిషితోనే మాట్లాడండి. తాళం ఆమె చేతికే ఇవ్వండి.