వెన్నను చూడని కృష్ణుడు

మా యాప్రాల్ అపార్ట్‌మెంటులో, లిఫ్టుకు ఎదురుగా ఉన్న పూజగదికి వెన్నకృష్ణుణ్ణి తంజావూరు పద్ధతిలో వేసింది నేనే. సుద్దపొడిలో జిగురు కలిపి నగలను ఉబ్బెత్తుగా తీర్చాను, వాటి మీద బంగారు రేకు అతికించాను. కళ్లు మాత్రం వేయలేదు. అవి చివరన, ప్రతిష్ఠ రోజునే వేయాలి. అంతవరకు అది బొమ్మ. కళ్లు వేశాక దేవుడు, ఇక ఎవరూ ముట్టుకోకూడదు. కమిటీ వాళ్లకు ఈ సంగతి చెప్పింది కూడా నేనే.

ఆ రోజు పొద్దున కుంచె, నల్లరంగు పట్టుకుని కిందికి దిగేసరికి హారతి అయిపోయింది. కమిటీ అధ్యక్షుడి మరదలు కళ్లు వేసేసింది. ముహూర్తం ముందుకు జరిపారట. పైకొచ్చి నాకో మాట చెప్పే తీరిక ఎవరికీ లేకపోయింది.

"ఏందక్కా, గింత దానికే పరేషాన్ అయితవ్? కండ్లు మంచిగనే ఉన్నయి గదా," అంది ఆమె.

"వెన్నంటే భక్తుడి మనసమ్మా. కృష్ణుడు చేతిలో ఉన్న ఆ వెన్నను చూడాలి. నువ్వు వేసిన కృష్ణుడు లిఫ్టును చూస్తున్నాడు. ఒకసారి పటం దింపండి, సరిచేస్తాను," అన్నాను.

అధ్యక్షుడు పటానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "ఇప్పుడు దేవుడాయె గదమ్మా. ముట్టొద్దని మీరే చెప్తిరి."

నల్లరంగు సీసా మూత బిగించి, కుంచెను చేతిసంచిలో వేసుకున్నాను.

ఇప్పటికీ లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఆ కళ్లు నన్నే చూస్తాయని, మోకాళ్లు నొప్పెడుతున్నా మెట్లే ఎక్కుతున్నాను. ఆ కుంచె మాత్రం నా చేతిసంచిలోనే ఉంది.