మూత లేని రేడియేటర్

ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివి, ఆ తరవాతి చదువంతా లారీల కింద వెల్లకిలా పడుకుని పూర్తిచేసిన మనిషి రేడియేటర్ మేస్త్రీ; ఇంజను వేడిని చల్లార్చే నీళ్ళ జాలీలు బాగుచెయ్యడం ఆయన పని. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇంట్లోనూ లేరు, బజారులోనూ లేరు. ఇరవై దాకా ఎక్కాలు పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ ఇప్పటికీ తడుముకోకుండా అప్పజెబుతాడు. ఎవరూ అడగరు. అయినా అప్పజెబుతాడు.

ఆయన చేతిమీదుగా బాగుపడిన బండ్లను వరసగా నిలబెడితే ఆ వరస చివర కంటికి ఆనదు. కొండదారి మలుపులో ఆవిర్లు కక్కుతూ నిలబడిపోయిన పాలలారీకి అక్కడికక్కడే అతుకు వేసి, పాలు విరగకముందే కిందికి దించిన ఘనత ఆయనది. మంటలార్పే బండి ఒకటి తానే మరిగిపోయి ఆయన షెడ్డు ముందు కూలబడితే, "నిప్పునార్పేవాళ్ళ నిప్పు నేనార్పాను" అని చెప్పుకునే హక్కు కూడా ఆయనొక్కడిదే. అల్యూమినియం రేడియేటరుకు అతుకు నిలవదని అందరూ చేతులెత్తేసిన రోజుల్లో, బజారు మొత్తం మీద ముందుగా నిలబెట్టి చూపించింది ఆయన. డ్రైవర్ల సంఘంవాళ్ళు సభ చేసి, గోడగడియారం ఇచ్చి, నాలుగు మంచిమాటలు చెప్పారు. ఇవి గొప్పలు కావు, జరిగినవి. జరిగినవి చెప్పుకోకపోతే జరగనివి చెప్పుకునేవాళ్ళదే రాజ్యమైపోతుంది.

షెడ్డు పెద్దల్లుడి చేతికిచ్చి ఆయన ఇంటిపట్టున కూర్చున్నాడు. కూర్చున్నాడన్నది పేరుకే. వేడెక్కే వస్తువు ఏది కనబడినా చేతులు దురద పెడతాయి. ఇస్త్రీపెట్టె, నీళ్ళ హీటరు, ఫ్రిజ్జు వెనకున్న తీగల జాలీ, అన్నీ ఆయన విప్పినవే. విప్పినవాటిలో చాలావరకు మళ్ళీ బిగించాడు కూడా. ముందుగదిలో చిన్నకూతురి కంప్యూటరు మీద మాత్రం ఇన్నాళ్ళూ ఆయన చెయ్యి పడలేదు. ఆ పిల్ల పడనివ్వలేదు.

ఆ పిల్ల పని చిత్రమైనది. ఇంకా పునాది కూడా తియ్యని భవనంలోకి మనల్ని నడిపించి చూపిస్తుంది. తలుపు తెరుచుకుంటుంది, మెట్లెక్కుతాం, కిటికీలోంచి నేలమీద ఎండ పడుతుంది. అంతా తెరమీదే. ఒక పెద్ద ఆఫీసులో కొన్నేళ్ళు ఈ పనే చేసి, ఇంకొకరి కింద ఎన్నాళ్ళని మానేసి, ముందుగదిలో సొంతంగా మొదలుపెట్టింది. చేతికొచ్చిన మొదటి పని ఒక గ్రంథాలయం. ఆ నడకబొమ్మ మర్నాడు సాయంత్రానికి భవనం కట్టబోయే కంట్రాక్టరుకు అందాలి. అందకపోతే ఆయన ఈ పిల్ల పాత ఆఫీసుకే పోతాడు, ఆయన వెనకాలే తనూ పోవాలి. "నీకోసం తలుపు తీసే ఉంచుతాం" అని అక్కడి మేనేజరు నవ్వుతూ అన్నమాట ఆ పిల్లకు ముల్లులా గుచ్చుకుని ఉంది.

అడ్డొచ్చిందల్లా కంప్యూటరే. బొమ్మ గియ్యమంటే సగం దాకా గీసి, లోపల ప్రాసెసర్ వేడెక్కిపోయి, చెప్పాపెట్టకుండా ఆరిపోతోంది. ప్రాసెసర్ అంటే లెక్కలన్నీ చేసే చదరపు బిళ్ళ. దాని నెత్తిమీదున్న ఫ్యాను విమానంలా అరుస్తుందేగానీ చల్లబరిచింది లేదు. అందుకని ఆ పిల్ల ఆ పొద్దున బజారుకెళ్ళి, ఉన్నవాటిలో చవకైన నీళ్ళ కూలరు ఒకటి తెచ్చింది. పనిచెయ్యకపోతే వెనక్కి తీసుకుంటానని కొట్టతను మాటిచ్చాడు.

"కూలరా? ఇంత చిన్నదా?" అంది మేస్త్రీ భార్య అట్టపెట్టె చూసి. "దీని ముందు ఎవరు కూర్చుంటారే?"

"మనుషులకి కాదమ్మా, కంప్యూటరుకి. నీళ్ళతో చల్లబరుస్తుంది."

"బాగుంది. మనకేమో విసనకర్ర, దానికేమో కూలరు."

నీళ్ళన్న మాట చెవినపడగానే మేస్త్రీ కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చేశాడు. పెట్టెలోంచి బయటికి వచ్చినదాన్ని అందుకుని చూశాడు. పలచటి రెక్కలు పేర్చిన జాలీ, దానికి రెండు ఫ్యాన్లు, రెండు నల్లటి గొట్టాలు, ఆ గొట్టాల కొసన టీకప్పంత పంపు. పంపు అడుగున నున్నటి రాగి పలక. తను జీవితమంతా భుజాలమీద మోసిన వస్తువును ఎవరో ఉతికి, కుంచింపజేసి చేతిలో పెట్టినట్టుంది. రెక్కల్ని గోటితో మీటాడు. మెత్తగా ఉన్నాయి. గొట్టాల అతుకుల్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"దీని మూతేది?"

"మూతుండదు నాన్నా. నీళ్ళు లోపల పోసి మూసేశారు."

"మూత లేని రేడియేటరా? నీళ్ళు తగ్గితే?"

"తగ్గవంట."

"ఎవరన్నారు?"

"పెట్టె మీద రాశారు."

"పెట్టెల మీద రాసినవన్నీ నిజమైతే నా షెడ్డు ఏనాడో మూతబడేది."

చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల సన్నగా గళగళమంది. కాస్త గాలుంది, సరే. ఆ గాలి ఎక్కడికి పోయి కూర్చుంటుంది? గాలి ఎప్పుడూ ఎత్తుకే పోతుంది. జాలీ కింద పెట్టి పంపు పైన పెడితే గాలంతా పంపులో చేరి నీళ్ళు కదలనివ్వదు. "జాలీని కంప్యూటరు డబ్బా నెత్తిన బిగించు" అన్నాడు. ఆ పిల్ల పెట్టెలో వచ్చిన కాగితం మీది బొమ్మ చూసింది. బొమ్మలోనూ అలాగే ఉంది. "కాగితం రాసినవాడెవడో బుద్ధిమంతుడే" అని మేస్త్రీ మెచ్చుకున్నాడు.

జాలీ పైన బిగించారు. పాత ఫ్యాను తీసి, బిళ్ళ తుడిచారు. సరిగ్గా అప్పుడే కంట్రాక్టరు ఫోను చేశాడు.

"నాన్నా, ఆ చిన్న ట్యూబులో పేస్టుంది. బిళ్ళమీద రాసి ఉంచు, ఇప్పుడే వస్తా" అని చెప్పి ఆ పిల్ల వసారాలోకి వెళ్ళింది.

పేస్టన్న మాట వినేసరికి మేస్త్రీకి ప్రాణం లేచొచ్చింది. ఇంజను హెడ్డు బిగించినా, పంపు మూత బిగించినా, పేస్టు రాయడంలో ఆయన చేతిని మించిన చెయ్యి ఆ బజారులో లేదు. చూపుడువేలి కొసతో, అంచు వెంబడే, ఎక్కడా తెగకుండా, గట్టు కట్టినట్టు రాస్తాడు. బిళ్ళకు నాలుగువైపులా అలాగే రాశాడు. మధ్యలో ఒక్క చుక్క పడనివ్వలేదు. పంపును దానిమీద కూర్చోబెట్టి, మూలకు మూల చొప్పున నాలుగు స్క్రూలూ కొంచెం కొంచెంగా బిగించాడు.

"బిగించేశావా కూడా?" అంది ఆ పిల్ల వచ్చి.

"నీ ఫోను అయ్యేలోపు లారీ హెడ్డే దింపి ఎక్కించేవాణ్ణి."

కంప్యూటరు ఆన్ చేశారు. కూలరు మీద రంగురంగుల దీపాలు వెలిగాయి. "ఇవెందుకు?" అన్నాడు మేస్త్రీ. "అందానికి" అంది ఆ పిల్ల. "డబ్బా మూశాక అందం ఎవరికి?" ఆ పిల్ల వినిపించుకోకుండా గ్రంథాలయం గియ్యమని పురమాయించింది. తెర మూలన ప్రాసెసర్ వేడి అంకెల్లో కనిపిస్తుంది. అది అరవై అంది, ఎనభై అంది, మేస్త్రీ కళ్ళజోడు సర్దుకునేలోపు నూరు తాకి తెర నల్లబడింది. పాత ఫ్యానే నయం, సగం దాకా అయినా లాక్కొచ్చేది.

మేస్త్రీ రెండు గొట్టాలనూ రెండు చేతుల్తో పట్టుకున్నాడు. ఇది ఆయన పరీక్ష. ఇంజను కాలుతున్నప్పుడు పైగొట్టం కాలాలి, కిందిగొట్టం దానికంటే చల్లగా ఉండాలి. అప్పుడు నీళ్ళు తిరుగుతున్నట్టు. ఇక్కడ రెండూ చల్లగానే ఉన్నాయి, కుండలో నీళ్ళలా.

"పంపు పోయింది" అన్నాడు. "నీళ్ళు తిరగడంలేదు. చవక సరుకు."

ఆ పిల్ల నమ్మింది. పుట్టినప్పటినుంచి చూస్తోంది, గొట్టం పట్టుకుని నాన్న చెప్పింది తప్పయిన రోజు లేదు. ఫోను తీసుకుంది.

"కొట్టతనికా?" అన్నాడు మేస్త్రీ.

"కొట్టతనికి తరవాత. ముందు కంట్రాక్టరుకి. ఇంకో కూలరు వెతికి తెచ్చి పెట్టేసరికి రేపు అయిపోతుంది. నా వల్ల కాదని ఇప్పుడే చెప్పేస్తే ఆయన దారి ఆయన చూసుకుంటాడు. మాట తప్పానన్న పేరైనా తప్పుతుంది."

మేస్త్రీ మళ్ళీ డబ్బా వైపు చూశాడు. పంపు పోయిందని అయితే అన్నాడు. గొట్టం పట్టుకున్నాడు సరే, పంపును వినలేదు. షెడ్డులో ఉండగా వినకుండా ఏ పంపునూ చచ్చిందనలేదు. చిన్న వస్తువని లోకువ కట్టాడు.

"ఒక్క క్షణం ఆగు. ఊరికే మళ్ళీ కంప్యూటరు ఆన్ చేసి పెట్టు. పనేమీ చెప్పకు."

పెట్టింది. మేస్త్రీ పొడుగాటి స్క్రూడ్రైవరు తెచ్చి, కొసను పంపు నెత్తిమీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. లోపల సన్నటి జుమ్మనే చప్పుడు, ఎక్కడా తడబాటు లేకుండా. పిట్ట కొంచెం, కూత ఘనం.

"ఫోను కింద పెట్టు. ఇది బతికే ఉంది."

"మరి గొట్టాలెందుకు చల్లగా ఉన్నాయి?"

అదే ఆయనకూ అర్థంకాలేదు. అర్థంకాకపోవడం ఆయనకు బాధ కాదు, విందు. ముక్కాలిపీట లాక్కుని డబ్బా ముందు కూర్చున్నాడు. నీళ్ళు తిరుగుతున్నాయి. గొట్టాలు చల్లగా ఉన్నాయి. బిళ్ళ మాత్రం కాలిపోతోంది. "పొయ్యి భగభగ మండుతూ, పొయ్యిమీది గిన్నె చల్లగా ఉందంటే ఏమిటర్థం?" అని పైకే అనుకున్నాడు.

"గిన్నె పొయ్యిమీద లేదని" అంది భార్య వంటింట్లోంచి.

తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నాన్నా, పేస్టు బాగానే రాశావుగా?"

"నా పనికి వంక పెడుతున్నావా? చుట్టూరా గట్టు కట్టినట్టు రాశాను."

"చుట్టూరానా? మధ్యలో?"

"మధ్యలో ఎందుకు రాస్తారే? మధ్యలో రాస్తే దారి మూసుకుపోదూ?"

ఆ పిల్ల నవ్వాలో ఏడవాలో తెలియక కుర్చీలో కూలబడింది. "నాన్నా, ఇది కారకుండా ఆపే పేస్టు కాదు. బిళ్ళలో వేడిని రాగిలోకి దాటించే పేస్టు. ఉండాల్సిందే మధ్యలో."

మేస్త్రీ చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది. వయసంతా పేస్టంటే ఆపేదే. కారేదాన్ని ఆపుతుంది, పోయేదాన్ని నిలబెడుతుంది. దాటించే పేస్టు కూడా ఒకటుందని ఎవరు చెప్పారు ఆయనకు?

"అయితే నేను గేటు వేసి తాళం పెట్టాను" అన్నాడు నెమ్మదిగా. "తప్పు పంపుది కాదు. నాది. తియ్యి, విప్పుదాం."

విప్పారు. గట్టు గట్టుగానే ఉంది, దండలా, ఎంత అందంగా రాశాడో. మధ్యలో రాగి అద్దంలా మెరుస్తోంది. బిళ్ళకీ దానికీ మధ్య వెంట్రుకంత ఎడం ఉండిపోయిందన్నమాట. వెంట్రుకంతే అయినా ఆ గాలిసందును వేడి ఎలా దాటుతుంది? మేస్త్రీ పంపు అడుగును వెలుతురుకు పట్టి చూశాడు, పక్కనుంచి చూశాడు, కూతురికి చూపించాడు. తన తప్పే అయినా అంత చక్కగా కనబడే తప్పు ఆయన ఎప్పుడూ చూడలేదు.

గుడ్డపెట్టి తుడిచారు. తీరా చూస్తే ట్యూబు ఖాళీ. ఉన్నదంతా గట్టుకే అయిపోయింది.

"ఇటివ్వండి" అంది భార్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చి. పళ్ళపేస్టు ట్యూబును ఆఖరి బొట్టు దాకా పిండడంలో ఆవిడది అందెవేసిన చెయ్యి. ట్యూబును బల్ల అంచుకు ఆనించి, కిందినుంచి చుట్టచుట్టుకుంటూ వచ్చింది. శనగగింజంత బయటికొచ్చింది. "చాలా?"

"సరిగ్గా అంతే కావాలమ్మా" అంది ఆ పిల్ల.

"చూశారా? మీరేమో గోడలు కట్టారు."

ఈసారి మధ్యలో పెట్టింది ఆ పిల్ల, మూలకు మూల బిగించింది మేస్త్రీ. పురమాయించారు. ముగ్గురూ తెర మూలకే చూస్తూ నిలబడ్డారు. అరవై దాటింది. డెబ్బై అంది. డెబ్బైరెండు దగ్గర ఆగి, ఒకటి పైకి, ఒకటి కిందికి ఊగుతూ అక్కడే నిలబడింది. మొదట గళగళమన్న గాలి కాసేపటికి పైకి చేరి మాట్లాడటం మానేసింది. విమానం మోత పోయి, గదిలో గడియారం టిక్కుటిక్కు వినబడింది. గొట్టాలు పట్టుకుంటే రెండూ గోరువెచ్చన. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా లేవెందుకని మేస్త్రీ అడిగాడు. నీళ్ళు అంత గబగబా తిరిగేటప్పుడు తేడా చేతికి తెలియదేమోనంది ఆ పిల్ల. ఏమోనన్నదే తప్ప తెలుసనలేదు, అందుకే ఆయన ఒప్పుకున్నాడు.

గ్రంథాలయం సగం దాటింది. ఇంతకు ముందు ఆరిపోయే చోటు అదే. ఆ పిల్ల పెదవి కొరుక్కుంటోంది. దాటాక కూడా కూర్చోలేదు. మేస్త్రీ మాత్రం ముక్కాలిపీట మీదినుంచి తన తీర్పు వినిపించసాగాడు. రెక్కలు మెత్తన, వేలు తగిలితే వంగుతాయి. ఫ్యాను తీగ పొట్టిది, లాగి పెట్టాల్సి వచ్చింది. దీపాలు దండగ. స్క్రూలు నాసి, గట్టిగా తిప్పితే తల అరుగుతుంది. గొట్టాల అతుకులకు మాత్రం వంక పెట్టలేం. పంపు నిక్షేపం. మూత లేదు కాబట్టి ఎన్నాళ్ళు నిలుస్తుందో తనూ చెప్పలేడు, పెట్టె మీద రాసినవాడూ చెప్పలేడు. "లారీకి బిగించే సరుకు కాదుగానీ, ఇంట్లో ఉంచుకోవచ్చు" అని తేల్చాడు.

ఎండ వాలేసరికి చివరి మెట్టు, చివరి కిటికీ పూర్తయ్యాయి. ఒక్కసారీ ఆరలేదు. ఆ పిల్ల ఊపిరి బిగబట్టి మొదటినుంచి చూసి, కంట్రాక్టరుకు పంపింది. మర్నాటికి అడిగింది ఆ రోజే అందింది. కాసేపటికి ఫోను మోగింది. ఆ పిల్ల "ఊ, ఊ, సరేనండీ" అంటూ విని, పెట్టేసి, నీరసంగా నవ్వింది.

"ఏమంటాడు?" అన్నాడు మేస్త్రీ.

"బాగుందన్నాడు. పక్కవీధిలో కట్టే భవనం కూడా నన్నే చెయ్యమన్నాడు. కాకపోతే ఈ గ్రంథాలయం గుమ్మం రంగు మార్చాలట. మళ్ళీ మొదటినుంచీ గియ్యాలి."

"మార్చు, మార్చు" అన్నాడు మేస్త్రీ పీట ముందుకు జరుపుకుంటూ. "ఈసారి గది కిటికీ మూసి కూలరును నడిపిద్దాం. గాలాడకపోతే ఏమంటుందో చూడాలి."