తలుపు తీసినా కదలని కుందేళ్లు

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా క్వార్టర్ల లైనులో కుందేళ్లను పెంచింది ఒక్కరే, పక్కింటి కాక. ముద్దుకు కాదు, తన కుక్కకూ పిల్లులకూ పచ్చిమాంసం పెట్టడానికి. ఆ కుక్కకు ఒకప్పుడు ఒళ్లంతా వెంట్రుకలు రాలి పుండ్లు పడితే, పచ్చిమాంసం పెట్టి చూడమని ఎవరో చెప్పారట. నిజంగానే పుండ్లు మానాయి, కానీ అది ఇక అన్నం ముట్టడం మానేసింది. రోజూ మాంసం కొనడం బొగ్గుబాయిలో పని చేసే మనిషి వల్ల అయ్యేదా? పెరట్లో పాత చెక్కలతో, జాలీతో గూడు కట్టి కుందేళ్లను దింపాడు. పిల్లులు కూడా వాటికే అలవాటు పడ్డాయి.

గడ్డి కోసుకొచ్చే పని నాది. ఎవరూ చెప్పలేదు, నేనే మీద వేసుకున్నాను. బడి వదలగానే కాలువ గట్టుకు పోయి ఒడి నిండా తెచ్చేదాన్ని. అవి మూతులు ఆడిస్తూ తింటుంటే నా కడుపు నిండినట్టుండేది. అవి ఎందుకు బలుస్తున్నాయో నాకు బాగా తెలుసు. అయినా లేత గడ్డి ఏరి మరీ పెట్టేదాన్ని.

కాక కుందేలును కోసే రోజున, డ్యూటీకి మెడలో వేసుకునే తువ్వాలను దాని కళ్లకు చుట్టేవాడు. అంతదాకా తన్నుకున్న జీవం మెత్తబడి ఊరుకునేది. అదెందుకని ఒకసారి అడిగాను.

"చీకటైతే ఏదైనా ఊకుంటది బిడ్డా. మేం రోజు బాయిల దిగుతలేమా?" అన్నాడు నవ్వుతూ. ఆ మాటకు నేనూ నవ్వాను.

ఒక బూడిదరంగు ఆడకుందేలును మాత్రం వదిలేయమని ఏడ్చాను. కాక సరేనన్నాడు. దాని పిల్లలు పోతూనే ఉన్నాయి గానీ దాన్ని ఏనాడూ ముట్టలేదు. మాట ఇస్తే నిలబడే మనిషి.

ఒకనాడు మొదటి షిఫ్టు విడిచినట్టు సైరన్ కూత వేసింది, కాక రాలేదు. బాయిలో పైకప్పు కూలింది. పొద్దుగూకే వేళకు తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. ముఖం మీద అదే తువ్వాల కప్పి ఉంది. దాన్ని చూసి నేను బిగుసుకుపోతే అమ్మ నన్ను లోపలికి లాక్కుపోయింది.

కాక భార్యను నేను చిన్నమ్మా అని పిలిచేదాన్ని. ఆమెకు కోయడం చేతకాదు. పెరుగన్నం పెడితే కుక్క వాసన చూసి వదిలేసేది. షిఫ్టు కూత వేసినప్పుడల్లా అది గేటు దగ్గరికి పోయి నిలబడేది. అట్లా ఎండిపోయి, ఒక పొద్దున బాయి తొవ్వ పట్టి పోయింది, మళ్లీ రాలేదు. పిల్లులు వేరే ఇళ్లు చూసుకున్నాయి. నేను మాత్రం లోలోపల సంబరపడ్డాను. తినేవాళ్లే లేరు, ఇక నా కుందేళ్లు బతికినట్టే అనుకున్నాను.

పిల్లల్లేని చిన్నమ్మ క్వార్టరు ఖాళీ చేసి రామగిరి వైపు తమ్ముడి ఊరికి పోవాల్సి వచ్చింది. అక్కడ ఆమెకే చోటు అంతంతమాత్రం. కుందేళ్లను నేను తెచ్చుకుంటానంటే, చావు జరిగిన ఇంటి జీవాలు వద్దని అమ్మ ఎంతకీ ఒప్పుకోలేదు. సామాను ట్రాక్టరులో ఎక్కించాక చిన్నమ్మ పెరట్లోకి వచ్చి గూడు తలుపు బార్లా తీసింది. పోండ్రి అంది.

ఒక్కటీ కదల్లేదు. తలుపు వైపు చూస్తూ అన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నాయి. బూడిదరంగుదాన్ని నేనే ఎత్తి బయట గడ్డిలో పెట్టాను. అది ఒక్క పోచ కొరకలేదు. వెనక్కి తిరిగి గూట్లోకి ఎక్కి మూలకు ఒదిగింది. కాక దినాల్లో కూడా గొంతెత్తి ఏడవని చిన్నమ్మ అప్పుడు మట్టిలో కూలబడి ఏడ్చింది.

"ఏడికి పోతయి బిడ్డా. గీ గూడు తప్ప వాటికేం ఎరుక? నాకేం ఎరుక?"

ట్రాక్టరు పోయింది. తెల్లారి నేను గడ్డి తీసుకుని పోయేసరికి వీధికుక్కలు వచ్చి పోయాయి. గూటి ముందు బొచ్చు పడి ఉంది, బూడిదరంగుది కూడా. తెచ్చిన గడ్డి ఎక్కడ పారేయాలో తెలియక ఒడిలోనే పట్టుకుని నిలబడ్డాను.

తర్వాత నన్నూ బాయి పని చేసే ఆయనకే ఇచ్చారు. మరో లైనులో, అలాంటి క్వార్టరులోనే నా బతుకంతా గడిచింది. ఆయన రిటైర్మెంటు చూడకుండానే పోయాడు. మొన్న క్వార్టరు తాళాలు అప్పజెప్పే రోజు సామానంతా బండెక్కింది, తలుపులన్నీ తీసి ఉన్నాయి. గడప దాటుదామంటే కాలు రాలేదు. వెనక్కి తిరిగి ఖాళీ వంటింట్లోకి పోయి మూలకు కూర్చున్నాను. ఆనాటి గడ్డి ఇంకా ఒడిలోనే ఉన్నట్టనిపించింది.

కొడుకు వెతుక్కుంటూ వచ్చాడు. "తలుపు తీసే ఉన్నది గదనే అమ్మా, రా," అన్నాడు.

తీసే ఉందని నాకూ తెలుసు.