చెరుకు రసం తాగిన పియానో

ఆ రోజుల్లో మా చోడవరంలో నిర్ఘాంతపోవడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. అనకాపల్లి బస్సు చెప్పిన వేళకి వస్తే నిర్ఘాంతపోయేవాళ్ళం. ఎవరింట్లోనైనా కోడలు గట్టిగా నవ్వితే వీధి వీధంతా బుగ్గన వేలేసుకునేది. అలాంటి ఊళ్ళోకి భగవంతుడు ఒక పియానోనీ, దాని వెనకాలే ఒక క్యూబా దొరసానినీ పంపించాడు. డెబ్బయ్యో దశకం మొదట్లో మాట ఇది. నాకు పద్దెనిమిదేళ్ళు. బడి ముఖం ఎరగను. నా చదువంతా మా తాతయ్య దగ్గరే. ఆయన జంధ్యాలు వడుకుతూ చెప్పిన శ్లోకాలూ, నేను మడిబట్టలు ఆరేస్తూ అప్పజెప్పిన ఎక్కాలూ. గడప దాటి పదిమందిలో నోరు విప్పిన పాపాన పోలేదు. (అందుకు నాకు బెంగేమీ ఉండేది కాదు. లోకాన్ని చూసే రాత ఉంటే ఆ భగవంతుడే చూపిస్తాడనుకునేదాన్ని. చూపించాడు కూడా, కాస్త దండిగానే.)

మా తాతయ్య పురోహితుడు. చక్కెర మిల్లులో ఏ కొత్త యంత్రం దిగినా, ఏటా చెరుకు క్రషింగు మొదలైనా పూజ ఆయనదే. గుమ్మడికాయ కొట్టడం, రోలర్లకి పసుపు కుంకుమలు పెట్టడం, మొదటి గడ నలిగి రసం రాగానే దాన్ని పంచపాత్రలో పట్టి, ఉద్ధరిణెతో ఒక్కో రోలరుకీ ఇంతింత నైవేద్యం పొయ్యడం. ఆ రసం పడ్డాకే మిల్లు తిరగాలని అందరికీ నమ్మకం. అదే మిల్లు ఆఫీసులో మా బాబాయి టెంపరరీ గుమాస్తా. ముప్ఫయ్యేళ్ళు మీద పడుతున్నా, పర్మినెంటయ్యేదాకా తన దగ్గర పెళ్ళి మాటెత్తవద్దని భీష్మించుకు కూర్చున్నాడు. బుచ్చయ్యపేట సంబంధం వాళ్ళు ఎదురుచూసి ఎదురుచూసి, ఈ వేసవి దాటితే ఇంక మావల్ల కాదు బాబూ అని కబురు పెట్టేశారు. ఆ అమ్మాయిని బాబాయి ఒక్కసారే చూశాడు. ఆ ఒక్కసారీ చాలినట్టుంది, ఆ కబురొచ్చిన రోజు అన్నం మానేశాడు.

ఆ ఏడు క్యూబా నించి చెరుకు నిపుణులు కొందరు మిల్లు చూడటానికి వస్తున్నారన్నారు. వాళ్ళ దేశపు పియానో విద్వాంసురాలొకావిడ అప్పుడే మన దేశంలో కచేరీలు చేస్తూ విశాఖపట్నం వచ్చి ఉందిట. "నేనూ చెరుకుతోటల్లో పుట్టినదాన్నే, నన్నూ తీసుకెళ్ళండి" అని వాళ్ళతో బయల్దేరింది. మా మిల్లు పెద్దాఫీసరుగారు ఉబ్బితబ్బిబ్బయిపోయి, మా క్లబ్బు హాల్లో కూడా ఒక కచేరీ చెయ్యాలమ్మా అని అడిగించేశాడు. ఆవిడ సరేనంది. ఆవిడ సరేనన్నాక గుర్తొచ్చింది ఈయనకి, చోడవరంలో పియానో లేదని. వెంటనే మా బాబాయిని పిలిచాడు.

"ఇదంతా సరిగ్గా జరిపించేవనుకో, నీ పర్మినెంటు కాయితం మీద ఆ మర్నాడే సంతకం. తేడా వచ్చిందో, రోలుగుంట తోటల్లో చెరుకుబళ్ళు లెక్కెట్టుకుంటూ ఉండిపోదువుగాని."

బాబాయి ఎక్కడెక్కడో తిరిగి, ఒక పాత దొరల బంగళాలో దుమ్ము కొట్టుకుపోతున్న పియానోని బతిమాలి సంపాదించి, చెరుకుబండి మీద వరిగడ్డి పరిచి ఎక్కించుకొచ్చాడు. దాన్ని దింపుతూ బండివాడు అడిగాడు: "ఇదేటి బాబూ, ఇంత బరువుంది? లోపల మనిసి గానీ ఉన్నాడేటి?"

"మనిషి కాదురా, సంగీతం."

"సంగీతం ఇంత బరువుంటాదేటి! మా ఊరి సన్నాయోడు సంకలో ఎట్టుకు తిరిగేత్తాడు."

విశాఖపట్నం నించి ఒకాయన్ని రప్పించి శ్రుతి చేయించడం కూడా అయింది. కచేరీ రోజు పొద్దున్న బాబాయి అతిథుల్ని తీసుకురావడానికి జీపెక్కుతూ, పియానోని ఎవరూ ముట్టుకోకుండా చూడమని తాతయ్యకీ నాకూ అప్పగించాడు.

"ఒరే, ఇంతకీ ఏటిదీ? వీణలాంటిదా, యంత్రమా?" అన్నాడు తాతయ్య.

"లోపల తీగలుంటాయి నాన్నా. మెట్లు నొక్కితే సుత్తులెళ్ళి కొడతాయి. యంత్రవే అనుకోండి."

"యంత్రవంటే మరి పూజ?"

జీపు కదిలిపోయింది. తాతయ్య హాల్లోకి వచ్చి పియానో చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "చెరుకు దేశం నించి వస్తన్న మనిషి. చెరుకు మిల్లు. చెరుకుబండి మీద దిగిన యంత్రం. నైవేద్యం పెట్టకుండా వాయించమంటే మన ఊరికి మర్యాదేటే గుంటా?" అన్నాడు. నేను తలూపాను. ఈనాటికీ ఆ వాదంలో తప్పెక్కడుందో పట్టుకోలేను. చుట్టూ ముగ్గేశాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. పసుపు కుంకుమలద్దాం. మిల్లులో అప్పుడే ఆడిన రసం చెంబుతో తెప్పించి, తాతయ్య మంత్రం చదువుతూ ఒక్కో మెట్టుకీ ఉద్ధరిణెడు పోసుకుంటూ వచ్చాడు.

"నల్లవాటికి కూడానా తాతయ్యా?"

"అవేం పాపం చేసేయే? పట్టు పాత్ర." చివరి మెట్టు దాకా పోసి, హారతిచ్చి, కళ్ళద్దుకున్నాడు. "ఇంక సూడు దీని గొంతు! తియ్యగా పలకకపోతే నన్నడుగు."

మధ్యాహ్నం తిరిగాక జీపొచ్చింది. దొరసాని అనగానే మేం అనుకున్నది మజ్జిగలాంటి తెలుపూ, టోపీ, గౌనూ. దిగిన మనిషి నాకంటే ఒక చాయ నలుపు. మెడదాకా కత్తిరించిన ఉంగరాల జుట్టు, పంట్లాం, పొట్టిచేతుల చొక్కా. చేతిలో చెరుకుగడ! దాన్ని పళ్ళతో చీల్చి, నమిలి, పిప్పి పక్కకి ఉమ్మి, మమ్మల్ని చూసి నవ్వింది. నా నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. "మన దేవరాపల్లి మనిషిలా ఉందేటే!" అన్నాడు తాతయ్య, ఆవిణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక.

ఆవిడ వెంట ఢిల్లీ నించి వచ్చిన దుబాసీ కుర్రాడొకడున్నాడు. ఆవిడ తన భాషలో గంపెడు మాటలు చెప్తే అతను ఇంగ్లీషులో బుట్టెడు ఇచ్చేవాడు. బాబాయి దాన్ని తెలుగులో గుప్పెడు చేసి మాకు పంచేవాడు. (ఆ గుప్పెళ్ళలోంచే ఆవిడ జీవితమంతా నాకు తెలిసింది కాబట్టి, మధ్యలో ఏ గింజైనా రాలిపోతే ఆ తప్పు నాది కాదు.)

ఆవిడ పియానో ముందు కూర్చుని ఒక మెట్టు నొక్కింది. పలికింది, కిందికి దిగింది, ఇంక పైకి లేవలేదు. పక్కది నొక్కింది. అదీ పడుకుంది. వేళ్ళన్నీ ఒక్కసారి పరిగెత్తించింది. అవన్నీ వరసగా సాష్టాంగపడ్డాయి. మూత మీంచి ఎర్రచీమలు బారులు తీరి, పెళ్ళివారిలా లోపలికి వెళ్తున్నాయి.

బాబాయి నా వైపు తిరిగాడు. "ఏటయిందే?"

"నైవేద్యం పెట్టేం బాబాయ్."

"దేనికీ?"

"పియానోకి."

"ఏటి... ఏటి పెట్టేరూ?"

"చెరుకు రసం."

బాబాయి నేను వేసిన ముగ్గులోనే చతికిలబడిపోయాడు. "నా పెళ్ళి..." అన్నాడు.

"పూజకీ నీ పెళ్ళికీ సంబంధమేటిరా?" అన్నాడు తాతయ్య, కొంచెం నొచ్చుకుని.

ఈలోగా దొరసాని మెట్టు మీద వేలు రాసి, ఆ వేలు నోట్లో పెట్టుకుంది. నాకు కళ్ళు తిరిగినంత పనయింది. ఇదేమిటని దుబాసీని అడిగింది. అతను బాబాయిని అడిగాడు. బాబాయి ఏడుపు గొంతుతో చెప్పాడు. ఆ మాట మూడు నోళ్ళు మారి వెనక్కి వెళ్ళేసరికి ఆవిడ ముఖం పాలిపోయింది. లేచింది. కోపమొచ్చింది, అయిపోయాం, వినాయకుడా, కాపాడు తండ్రీ అనుకుంటున్నాను. ఆవిడ తిన్నగా తాతయ్య దగ్గరికి నడిచి, రెండు చేతులూ చాచి, గట్టిగా కావలించుకుంది!

పూజ రోజున మా మామ్మ కూడా ఆమడ దూరాన నిలబడి మాట్లాడే మా తాతయ్యని! మడి పంచెలో! ఆయన రెండు చేతులూ గాలిలో చాపి దిష్టిబొమ్మలా నిలబడిపోయాడు. "శివ శివా... ఒరే, ఈవిణ్ణి ఒదలమని సెప్పరా... నెమ్మదిగా సెప్పు, నొచ్చుకుంటుందేమో" అన్నాడు.

ఆవిడ వదిలేసి కళ్ళు తుడుచుకుంది. వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో దేవుడి డోళ్ళుండేవట. వాటికి ముందు తినిపించిగాని వాయించేవారు కాదట. తను పెద్ద చదువుకెళ్ళి, పెద్ద పెద్ద హాళ్ళలో వాయించాక, వాయిద్యానికి ఆకలేస్తుందని అనుకునే మనిషి మళ్ళీ ఎక్కడా కనపడలేదట. "మరి అందరూ అంతేననుకున్నాను" అన్నాడు తాతయ్య, తెల్లబోయి.

తర్వాత ఆవిడ నడుం బిగించి, వేణ్ణీళ్ళూ పాత నూలుబట్టలూ తెమ్మంది. ఆవిడా నేనూ మెట్టు మెట్టూ తడిబట్టతో తుడిచి, పొడిబట్టతో ఒత్తుతుంటే కథ చెప్పింది. నాన్న చెరుకు కోసేవాడు. అమ్మ మిల్లు యజమాని ఇంట్లో బట్టలుతికేది. బట్టలుతికే గది కిటికీ పక్కన నిలబడి, యజమాని కూతురికి చెప్పే పాఠాలన్నీ ఈ పిల్ల వినేసేది. తడిబట్టల మూట మీద వేళ్ళు ఆడించేది. ఒకనాడు చుట్టాల ముందు వాయించమంటే యజమాని కూతురు భయపడి పారిపోయింది. వెతకడానికి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేసరికి చాకలావిడ కూతురు కూర్చుని వాయించేస్తోంది. (ఆ యజమాని ముఖం ఎలా ఉందో నేను ఊహించగలను. అప్పటికి నా ముఖమూ అలాగే ఉంది.) తర్వాత దేశంలో ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం చదివించింది, రష్యా పంపించింది. అక్కడి మంచుకి వేళ్ళు కొయ్యబారితే వాటిని నోట్లో పెట్టుకుని ఏడ్చేదట. అన్నీ నేర్చుకుని ఇంటికొచ్చి చేసిన మొదటి కచేరీ మాత్రం మిల్లు ఆవరణలో, లారీ మీద, చెరుకు కోసేవాళ్ళకే. అక్కడి గాలిలో తేమకి మెట్లు ఇరుక్కుపోతుంటే పక్కన చెల్లెలు కూర్చుని ఒక్కోటీ లేపుతూ ఉండేదట.

అది చెప్పి, మధ్యలో ఇంకా మొరాయిస్తున్న మెట్లకేసి చూసి, గడ్డంతో నా వైపు సైగ చేసింది. నేను నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను.

"నేనా? స్టేజీ మీదా? నా వల్ల కాదు బాబాయ్!"

"పాపా, నా పెళ్ళి నీ వేలి మీదుందే!" అన్నాడు బాబాయి. తాతయ్యకేసి చూశాను. "దేవుడి పని అనుకో. ఎళ్ళి కూర్చో" అన్నాడాయన, తలస్నానం చెయ్యడానికి నూతి వైపు వెళ్తూ.

సాయంత్రం హాలు కిటకిటలాడింది. ముందు వరసలో పెద్దాఫీసరుగారూ, క్యూబా వాళ్ళూ, వెనకాల మిల్లువాళ్ళు, కిటికీల్లో ఊరు ఊరంతా. పంట్లాం వేసుకున్న దొరసాని పక్కన, పట్టుపరికిణీలో, చెమటలు కక్కుతూ నేను. ఆవిడ మొదలెట్టింది. అమ్మ బాబోయ్! సంగీతమంటే కళ్ళు మూసుకుని వినేదనుకున్నాను. అది ఏటి వరదలా మీద పడింది. ఆవిడ వేలు లేవగానే నా వేలు గోటితో మెట్టుని కిందినించి పైకి తియ్యాలి. మళ్ళీ ఆవిడ వేలు పడేలోగా నాది తప్పుకోవాలి. మొదట్లో రెండు మూడుసార్లు నా వేలు నలిగింది. "నారాయణా" అనుకుంటూ లేపాను. పోనుపోను ఆవిడ ఎటు వెళ్తుందో నా చేతికి ముందే తెలియడం మొదలెట్టింది. అప్పుడు జరిగింది అనర్థం. లేపవలసిన మెట్టుని నేను నొక్కేశాను! అక్కర్లేని చోట ఒక స్వరం ఖంగుమని మోగింది. బాబాయి మూడో వరసలో కళ్ళు మూసేసుకున్నాడు. ఆవిడ చటుక్కున నాకేసి చూసి, నవ్వి, అదే స్వరాన్ని తనూ మోగించి, దాన్నే పట్టుకుని ఎటో కొత్తదారిని వెళ్ళి, తిప్పి తిప్పి, మళ్ళీ నా ముందుకే తెచ్చి ఆగింది. ఆగి గడ్డం ఎగరేసింది. నేను మళ్ళీ నొక్కాను. హాలంతా చప్పట్లు.

అయిపోయాక పెద్దాఫీసరుగారు పరుగున వచ్చాడు. "ఏవయ్యా! పియానో వాయించే పిల్లని ఇంట్లో పెట్టుకుని ఒక్క మాటైనా చెప్పలేదే!" బాబాయి ముఖం వెలిగింది. అవునండీ అనబోయాడు. అంతలో తాతయ్య ముందుకొచ్చాడు. ఆయన పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడలేదు, అవతలివాళ్ళు ఆడుతుంటే ఊరుకోలేదు కూడాను.

"దానికి వాయించడం రాదు బాబూ. పొద్దున్న నేను పియానోలో చెరుకు రసం పోసేను. అతుక్కుపోయిన మెట్లు అది లేపింది."

పెద్దాఫీసరుగారి నోరు తెరుచుకుంది, మూసుకుంది, మళ్ళీ తెరుచుకుంది. బాబాయి అప్పటికే మనసులో రోలుగుంట బయల్దేరిపోయాడు. దొరసాని దుబాసీ భుజం తట్టి ఏదో చెప్పింది. అతను గట్టిగా అందరికీ వినపడేలా ఇంగ్లీషులో అన్నాడు: "ఎన్నో దేశాల్లో నాకు పూలగుత్తులిచ్చారు. పియానోకి భోజనం పెట్టినవారు మీరే. ఈ మాట మా ఊళ్ళో చెప్పుకుంటాను." క్యూబా వాళ్ళంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. దేశం కాని దేశంవాళ్ళు చప్పట్లు కొడుతుంటే పెద్దాఫీసరుగారు మాత్రం ఏం చేస్తాడు, ఆయనా కొట్టాడు.

మర్నాడు బాబాయిని గదిలోకి పిలిచి, పర్మినెంటు కాయితం మీద సంతకం పెడుతూ ఒక్క షరతు పెట్టాడు. "ఆఫీసుకి కొత్త టైపు మిషను వస్తోంది. మీ నాన్నగారు దాని దరిదాపులకి రాకూడదు." ఆ వైశాఖంలోనే బుచ్చయ్యపేట పిన్ని మా ఇంటికొచ్చింది.

దొరసాని ఆ తర్వాత ఏ ఏ దేశాల్లో వాయించిందో, ఎంత పేరు తెచ్చుకుందో నాకు తెలియదు. దీపం పెట్టేటప్పుడు ఆవిణ్ణీ ఒకసారి తలుచుకుని దణ్ణం పెట్టుకుంటాను. ఆ మాత్రం రుణం నాకుంది. మొన్న మనవరాలు తన ఫోనులో పియానో పెట్టుకుని వింటూ, పక్కన కూర్చున్న నన్ను చూసి ఆశ్చర్యపోయింది. "బామ్మా, అందరూ వేళ్ళు కిందికి ఆడిస్తారు. నువ్వేంటి, పైకి లేపుతున్నావ్?" చూసుకుంటే నిజమే. ముడతలు పడ్డ చూపుడువేలు ఒళ్ళో దానంతటదే, తాళం తప్పకుండా, పైకి లేస్తోంది. ఎవరో వచ్చి నొక్కుతారని కాబోలు, పిచ్చిది, ఒక్క క్షణం అక్కడే ఆగి చూస్తోంది.