మైకులో మా పెద్దసారు మాట

మొన్న సుల్తాన్ బజార్‌లో పండక్కి బట్టలు కొందామని మెట్రో ఎక్కాను. చిక్కడపల్లి దాటగానే పైనుంచి ఒక ఆడగొంతు, రాబోయే స్టేషన్ నారాయణగూడ అని మూడు భాషల్లో ఎంతో మర్యాదగా చెప్పింది. రైలు పెట్టెలో ఒక్కరైనా తలెత్తి విన్నారా అంటే లేదు, ఎవరి ఫోన్లో వాళ్ళు మునిగి ఉన్నారు. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఇదే నారాయణగూడలో, ఇప్పుడు ఏదో బట్టల దుకాణంగా మారిపోయి రైలు కిటికీలోంచి పై అంతస్తులు కనబడే ఆ భవనంలో, ఒకప్పుడు నా గొంతు కూడా ఇలాగే పైనుంచి వినబడేది. అప్పుడు జనం కలం పక్కన పెట్టి మరీ వినేవాళ్ళు. మీలో పెద్ద పెద్ద ఆఫీసుల్లో పనిచేసి దిగిపోయినవాళ్ళు ఉంటే ఈ సంగతి నమ్ముతారు, మా ఇంట్లో పిల్లలైతే నమ్మడం లేదు.

మాది బీమా సంస్థ, పేరెందుకులెండి. దేశమంతా శాఖలున్న పెద్ద కొలువు. నేను సిబ్బంది విభాగంలో ఉండేదాన్ని. పుట్టి పెరిగింది చిక్కడపల్లిలోనే కాబట్టి, టిఫిన్ డబ్బా చేతపట్టుకుని నడిచే ఆఫీసుకి వెళ్ళేదాన్ని. మా కింది అంతస్తులో, సందర్శకుల బల్ల మీద ఒక మైకు ఉండేది. ఎప్పుడో ఏ అధికారో అగ్నిప్రమాదం జరిగితే అందరినీ హెచ్చరించడానికని అంతస్తుకొక స్పీకరు పెట్టించాడట. దేవుడి దయవల్ల నిప్పు ఎప్పుడూ అంటుకోలేదు గానీ, గేటుకి అడ్డంగా బండి పెట్టినవాళ్ళ మీద వాచ్‌మన్ అన్నకి రోజూ అంటుకునేది. ఆ మైకులోంచి బండి నెంబరు, దాని వెంట ఆయన విసుగు తప్ప మాకు ఇంకే వార్తా వచ్చేది కాదు.

అసలైన వార్తలు వచ్చే చోటు వేరే ఉండేది. రెండో అంతస్తులో మధ్యాహ్నం బల్లలన్నీ జరిపి, పేపర్లు పరిచి, అందరి డబ్బాలూ మధ్యలో పెట్టేవాళ్ళం. మా ఆఫీసు అచ్చువేసే మాసపత్రిక కాగితం దళసరిగా నున్నగా ఉండేది కనుక పులుసు గిన్నెల కిందికి అది బాగా పనికొచ్చేది. పత్రిక మొదటి పేజీలో ఎప్పుడూ మా ఆఫీసుకి పైఅధికారి అయిన పెద్దసారు ఫొటో ఉండేది కాబట్టి పాపం ఆయన రోజూ మాతోపాటే భోజనానికి కూర్చున్నట్టు లెక్క. ఆ బల్లకి పెద్దదిక్కు అకౌంట్స్ అక్క. ఆమె డబ్బా మూత తీసి, పుంటికూర పప్పు మధ్యలోకి జరిపి, తను మాత్రం తినకుండా గబగబా అశోక్ నగర్‌లో ఉన్న ఇంటికి వెళ్ళిపోయేది. వాళ్ళాయనకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఇంకెవరు ముద్ద పెట్టినా నోరు తెరిచేవాడు కాదట, ఆమె పెడితేనే తినేవాడు. ఆయనకి తినిపించి, కోచింగ్ సెంటర్ల గల్లీల గుండా తిరిగి వచ్చేసరికి, ఆమె కోసం అందరి డబ్బాల్లోంచీ తలా కాస్త తీసి దాచేవాళ్ళం. ఆమె తింటూ చెప్పేది. ఏ నోటిఫికేషన్ వస్తుందంటున్నారు, ఏ రోడ్డు మూశారు, పై ఆఫీసులో ఎవరికి బదిలీ అయ్యేలా ఉంది, అన్నీ. అక్క చెప్పిందంటే అది సర్క్యులర్ కన్నా గట్టిది.

ఇలా ఉండగా ముంబైలో ఉన్న పైవాళ్ళకి ఉన్నట్టుండి మా మీద బెంగ పుట్టింది. ఉద్యోగులకి సంస్థ మీద మమకారం తగ్గిందని, పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ మాటలు పారడం లేదని ఎవరో వాళ్ళకి చెప్పారట. ఒక కుర్రాడిని బెంగళూరు నుంచి పంపారు. మంచివాడే, మమ్మల్నందరినీ ఆంటీ అని పిలవకుండా ఉంటే ఇంకా మంచివాడనిపించుకునేవాడు. కంప్యూటర్లలో ఏదో పోర్టల్ పెట్టాడు, వారం వారం ఈమెయిళ్ళు పంపమన్నాడు, గుమ్మం పక్కన సూచనల పెట్టె తగిలించాడు. ఇవన్నీ చూసుకునే బాధ్యత నా నెత్తిన పెట్టి విమానం ఎక్కేశాడు. ఈమెయిళ్ళు నేను పంపేదాన్ని, నేనే చదువుకునేదాన్ని.

పెట్టె సంగతి చెబితే మీరు నవ్వుతారు. అది తగిలించిన కొద్ది రోజులకే దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు మావాళ్ళు జెరాక్స్ మిషన్‌కీ లిఫ్టుకీ బొట్లు పెడుతూ పెడుతూ, చేతిలో పసుపు మిగిలిందని ఆ పెట్టెకీ రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశారు. ఇంకేముంది, మర్నాటినుంచి అది సూచనల పెట్టె కాదు, అమ్మవారు. లోపలికి వస్తూ దానికో దండం పెట్టుకుని మరీ వెళ్ళేవాళ్ళు. బొట్టు పెట్టిన పెట్టెలో బాత్రూముల గురించి ఫిర్యాదు ఎలా వేస్తాం చెప్పండి? చాలాకాలం తర్వాత నేను తాళం తీస్తే, పిల్ల పెళ్ళి కుదరాలని ఒకరు, కొడుక్కి గ్రూప్ పరీక్షలో ర్యాంకు రావాలని ఒకరు, మోకాళ్ళ నొప్పులు తగ్గాలని ఒకరు రాసిన మొక్కులే బయటపడ్డాయి. బెంగళూరు కుర్రాడికి ఏమని నివేదిక రాయాలో తోచక తల ప్రాణం తోకకి వచ్చింది.

మైకు నా చేతికి వచ్చింది మాత్రం ఎవరి పథకం వల్లా కాదు. రాష్ట్రం కోసం ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. పొద్దున మామూలుగా ఉన్న రోడ్డు మధ్యాహ్నానికి మూతపడేది, బస్సులు ఆగిపోయేవి, ముషీరాబాద్ వెళ్ళేవాళ్ళకీ దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళేవాళ్ళకీ ఇల్లు చేరడమే పెద్ద పరేషాన్. ఒకరోజు అలాంటి గడబిడలోనే అకౌంట్స్ అక్క ఇంటినుంచి తిరిగొస్తూ ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర బస్సులు ఆపేశారన్న కబురు తెచ్చింది. అంతస్తు అంతస్తుకీ ఎక్కి చెప్పే ఓపిక లేక నేను వాచ్‌మన్ అన్నని అడిగి మైకు అందుకుని, ఎటు దారి ఉందో ఎటు లేదో చెప్పేశాను. ఆ సాయంత్రం అందరూ క్షేమంగా ఇల్లు చేరారు. మర్నాడు టీ వేళకి నన్ను ఆపి, ఇవాళ్టి సంగతేమిటని అడిగారు. అలా మొదలై, రోజూ టీకి ముందు నాలుగు మాటలు చెప్పడం అలవాటైపోయింది. రోడ్ల కబుర్లు, ఎవరింట్లో పాప పుట్టిందీ, ఎవరు ఆసుపత్రిలో ఉన్నారు, ఏ సెలవు కాగితం ఎవరికివ్వాలి. తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదనీ చెప్పేదాన్ని. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అనలేదు, నాలుగు అంతస్తుల ఆఫీసు మెల్లగా ఒక ఇల్లులా అయింది.

సరిగ్గా అప్పుడే ఆఫీసు మారుస్తారన్న పుకారు లేచింది. ఊరి చివర గచ్చిబౌలి అవతల పెద్ద అద్దాల మేడ తీసుకుంటున్నారని, అందరూ అక్కడికే వెళ్ళాలని. మా పెద్దసారు గదినుంచి ఉలుకూ పలుకూ లేదు. రానని మొండికేస్తే ఉద్యోగం పోతుందని ఒకరు, వెళ్తే జీతం పెరుగుతుందని ఒకరు, గోరంతలు కొండంతలయ్యాయి. పని మీద ఎవరికీ ధ్యాస లేదు. అందరికీ అది దూరాభారం సంగతైతే అకౌంట్స్ అక్కకి మొగుడి ప్రాణం సంగతి. అంత దూరం వెళ్తే మధ్యాహ్నం ఆయనకి ముద్ద పెట్టేదెవరు? అశోక్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటరాయన సగం జీతానికి లెక్కలు రాసే పని ఇస్తానన్నాడట. ఇక్కడ రాజీనామా ఇస్తే మందుల ఖర్చు భరించే సంస్థ సాయం పోతుంది, ఇవ్వకపోతే ఆ పని పోతుంది. మెట్ల దగ్గర నా చేయి పట్టుకుంది.

“చెల్లె, ఉన్నదున్నట్టు చెప్పు. ఆఫీసు పోతదా, ఉంటదా? ఆ సెంటరాయన సోమవారం దాక్నే ఆగుత అన్నడు.”

“నాకూ తెల్వదక్కా, ఒట్టు.”

“నీకే తెల్వకుంటే ఇంకెవరికి తెలుస్తది? దినాం మైకుల చెప్పేది నువ్వే గద!”

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు, అదే నన్ను భయపెట్టింది. నేరుగా పెద్దసారు గదికి వెళ్ళాను. ఆయన గోదావరి జిల్లాల మనిషి, సౌమ్యుడు, చీమకి కూడా కీడు తలపెట్టడు గానీ కాగితం మీదికి రానిదే దేన్నీ నమ్మడు. ఇంకా తేలని విషయం చెప్పకూడదమ్మా, చెబితే పైవాళ్ళు నన్నడుగుతారు, అన్నాడు. తేలలేదన్న ముచ్చటే చెప్పండి సార్, మీ నోటితోని చెప్తే చాలు, అన్నాను. అంతకు ముందు ఆయనకి ఎదురు చెప్పిన పాపాన పోలేదు నేను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. సరే వెళ్ళమ్మా అన్నాడు. అయిపోయింది, ఎక్కడి గొంగళి అక్కడే అనుకుంటూ వచ్చేశాను.

శుక్రవారం టీ వేళకి నేను మైకు దగ్గరికి వెళ్ళేసరికి ఆయన మెట్లు దిగి వస్తున్నాడు. వాచ్‌మన్ అన్న స్టూలు తుడిచి జరిపాడు. ఇంగ్లీషులో టైపు చేయించుకున్న కాగితం ఒకటి తెచ్చుకున్నాడు గానీ రెండు ముక్కలు చదివి దాన్ని మడిచేశాడు. నేనండీ, మాట్లాడుతున్నది, అని మొదలుపెట్టాడు. ఆఫీసు మార్చాలన్న ఆలోచన ఉన్న మాట నిజమేనని, ఇంకా ఏదీ తేలలేదని, తేలిన రోజున సర్క్యులర్ కన్నా ముందు ఇదే మైకులో తానే చెబుతానని, ఒక్కరి ఉద్యోగం కూడా దూరం కారణంగా పోకుండా చూస్తానని, ఎవరికి ఏ కష్టం ఉన్నా తన గదికి రమ్మని చెప్పాడు. మైకు నా చేతికిచ్చి, మడిచిన కాగితం జేబులో పెట్టుకుని మెట్లెక్కాడు.

సోమవారం అక్క ఆ కోచింగ్ సెంటరుకి రానని చెప్పేసింది. చేతిలో ఏ కాగితమూ లేదు, ఆయన మాట ఒక్కటే ఉంది. నిజం చెప్పాలంటే ఆ రోజునుంచి నాకే నిద్ర తగ్గింది, ఆ మాట తప్పితే ఈమె గతేమిటని. చాలా నెలలు అలాగే గడిచాయి. చివరికి ఒక ఉదయం ఆయన మళ్ళీ మెట్లు దిగి వచ్చి, ఆఫీసు మారుతోందని, కానీ పాలసీదారుల కోసం ఒక చిన్న కౌంటరు నారాయణగూడలోనే ఉంటుందని, కదలలేనివాళ్ళకి అందులో చోటు అడిగి తీసుకున్నానని చెప్పాడు. సర్క్యులర్ సాయంత్రానికి వచ్చింది. తొందరపడి ముందే నోరు విప్పినందుకు పైనుంచి ఆయనకి గట్టిగానే అక్షింతలు పడ్డాయని, రావలసిన ప్రమోషన్ ఆగిపోయిందని ఆయన దిగిపోయాక గానీ మాకు తెలియలేదు. ఆయన మాత్రం ఆ ఒక్క కబురూ మైకులో చెప్పలేదు.

అక్క ఆ కౌంటరులో ఉండిపోయింది. మేం వెళ్ళిన అద్దాల మేడలో అంతస్తుకొక టీవీ ఉండేది, దానిలో సంస్థ వార్తలు పొద్దస్తమానం పాకుతూ ఉండేవి. ఫోన్లలో గ్రూపు పెట్టుకున్నాం. ఒకరోజు ఆ గ్రూపులోనే తెలిసింది, అక్క వాళ్ళాయన పోయాడని. కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి, తెరని ఎంత పైకి నెట్టినా అవే. అశోక్ నగర్ ఇంటికి మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మందే వెళ్ళాం. పెద్దసారుకి అలాంటి ఫోను లేదు, నేను వాళ్ళ ఇంటికి ఫోన్ చేసి చెబితే ఆటోలో వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పాడు.

అక్క లేచి వచ్చి ఆయనకి దండం పెట్టింది.

“సార్, ఆనాడు మీరు మైకుల చెప్పవట్టి గీడ్నే ఉన్న. ఆఖరి దినం దాక నా చేతి బువ్వే తిన్నడు.”

ఆయన కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. నేను గోడ వైపు తిరిగి ఏడ్చేశాను.

ఇప్పుడు మా కోడలి ఆఫీసులో ఏ సంగతైనా క్షణంలో అందరికీ చేరుతుంది. నచ్చిందా లేదా అని నవ్వుముఖం, ఏడుపుముఖం కూడా అడుగుతారట. మంచిదే, మా కాలంలో మమ్మల్ని ఎవరూ అంతగా అడగలేదు. పోయిన నెల వాళ్ళ విభాగం ఎత్తేస్తున్నారని సందేశం వస్తే, ఎవరు చెప్పారమ్మా అని అడిగాను. ఎవరూ చెప్పలేదత్తయ్యా, వచ్చింది, అంది.