వల్లియమ్మ చెయ్యి పెట్టని తాను

తిరుత్తణిలో కొండ మెట్లకు పోయే దారిలో ఒక నేతగాళ్ళ సొసైటీ ఉండేది. వారం వారం అక్కడికి లుంగీ తానులు వచ్చేవి. వాటిని పరీక్ష చేసే పలక ముందు వల్లియమ్మ కూర్చుందంటే, మీసాలు మెలేసే మగవాళ్ళు కూడా లెక్క తప్పు చేసిన బడిపిల్లల్లాగా చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. ఆమె గొంతు పెంచే మనిషి కాదు. తానును పలక మీద పెట్టి, కుడి చెయ్యి మడతల మధ్యకు పోనిచ్చి, చూపు ఎటో నిలిపి, ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా జరుపుకుంటూ పోయేది. ఆ చెయ్యి నడుమ ఎక్కడైనా ఆగిందంటే నేసినవాడు అక్కడికి వంగి చూసేవాడు.

ఆ చేతికి అంత విద్య ఎవరు నేర్పారని చాలామంది అడిగేవాళ్ళు. ఎవరూ నేర్పలేదు. ఆమె చదివింది తమిళ బడిలో నాలుగో తరగతి దాకా. తెలుగు అక్షరాలు ఇప్పటికీ కూడబలుక్కునే చదువుతుంది. మిగిలిన చదువంతా పళ్ళిపట్టులో, తండ్రి తిరుమలయ్య ఇంట్లో, రాట్నం ముందు కూర్చుని సంపాదించుకున్నదే.

ఆ వీధిలో ఇంటికొక గుంట మగ్గం. మగవాళ్ళు నేస్తే ఆడపిల్లలు కండెలు చుట్టేవాళ్ళు. తక్కిన పిల్లలు చుడుతూ చుడుతూ కబుర్లు చెప్పుకునేవాళ్ళు, పాటలు పాడుకునేవాళ్ళు. వల్లి మాత్రం మగ్గాలు వింటూ కూర్చునేది. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా వీధంతా టకటకమంటుంటే మనబోటి వాళ్ళకు తలనొప్పి వస్తుంది. ఆ పిల్లకు మాత్రం ఏ చప్పుడు ఏ ఇంటిదో, ఆ ఇంటాయన ఇవాళ హుషారుగా ఉన్నాడో, పెళ్ళాంతో పోట్లాడి కూర్చున్నాడో కూడా తెలిసిపోయేది.

ఈ సంగతి బయటపడింది డెబ్భయ్యో సంవత్సరం వానాకాలంలో. అప్పటికి వల్లికి తొమ్మిదేళ్ళు. తనదీ, వీధిలో ఇంకో నలుగురివీ కలిపి అయిదు తానులు ఒకే మూట కట్టుకుని తిరుమలయ్య తిరుత్తణి బస్సు కోసం నిలబడి ఉండగా వాన కుమ్మేసింది. బస్సు రాలేదు. మూట ఇంటికి తెచ్చి విప్పి చూస్తే, తానులకు కుట్టిన చీటీల మీద పేర్లన్నీ సిరా నీళ్ళై కారిపోయి ఉన్నాయి. అయిదు తానులూ ఒకే నీలం గళ్ళవి. తానంతా విప్పితే గాని ఏది ఎవరిదో తెలియదు. పిలిపిస్తే వచ్చిన నలుగురూ, అన్నిట్లోకీ నున్నగా కనిపించిన తానునే నాదంటే నాదని పట్టుకున్నారు.

వల్లి రాట్నం వదిలి వచ్చి తానుల మధ్య కూర్చుంది. ఒక్కొక్కదాని మడతలో చెయ్యి పెట్టి తీసి, "ఇది కుప్పుస్వామి మామది" అని ఒకటి పక్కకు నెట్టింది. కుప్పుస్వామి పక్కింటి నేతగాడు, తిరుమలయ్యకు తోడుగాడు.

"ఎట్ల చెప్తావు మే?" అన్నాడు తిరుమలయ్య.

"మామ మగ్గం ఎడమ పక్క గట్టిగా కొడుతుంది, వినపడలేదా నాయనా? బట్ట గూడ ఆ పక్కే గట్టిగుండాది."

అయిదూ అట్లాగే పంచిపెట్టింది. ఎవరి తాను వాళ్ళు ఆఖరి మడతదాకా విప్పి, నేసేటప్పుడు లోపలి కొసలో పెట్టుకున్న గుర్తుపోగు చూసుకుంటే ఒక్కటీ తప్పలేదు. ఆనందం పట్టలేక తిరుమలయ్య, "మరి నాదెట్లుండాది?" అని అడిగాడు. అడగకుండా ఉండాల్సింది.

"బాగుండాది నాయనా. బేస్తవారం నేసింది మాత్రం బాగలేదు."

ఆ బేస్తవారం తిరుమలయ్య, కుప్పుస్వామి కలిసి కల్లు తాగి వచ్చారని ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ క్షణం నుంచి వీధి మొత్తానికీ తెలిసింది. వల్లి పుట్టుకలోనే రెండు గుణాలున్నాయి. చెవికి వినబడింది చేతికి తగలడం ఒకటి, చేతికి తగిలింది నోట్లో దాచుకోలేకపోవడం ఇంకొకటి. ఇంత అన్నం పెట్టింది మొదటిదే అయినా, ఆమెను నలుగురిలో నిలబెట్టింది మాత్రం రెండోదేనని నా నమ్మకం.

పద్దెనిమిదో ఏట మేనత్త కొడుకు ఆదిమూలంతో పెళ్ళయి వల్లి తిరుత్తణికి వచ్చింది. ఆదిమూలం నేతగాడే గాని, అతని ప్రాణం పంబలో ఉండేది. నడుముకు కట్టుకుని వాయించే ఆ జంట డోలును ఆరేళ్ళప్పుడే పట్టాడు. ఆడి కృత్తిక పండగకు జనం మొక్కుబడి కావళ్ళు మోసుకుని కొండ మీది గుడికి ఎక్కుతుంటే ముందు నడిచి వాయించేవాడు. కొత్త కాపురంలో అతను మగ్గం మీద కూర్చుంటే ఆ దెబ్బ కూడా తాళం తప్పకుండా పడేది. వంట చేస్తూ వల్లి ఆ దెబ్బకు సరిగ్గా గరిటె తిప్పేది. అంత బాగా నేసేవాడు ఆ పేటలో ఇంకొకడు లేడని ఆమెకు మొదటి వారంలోనే తెలిసింది. సిగ్గుపడి చెప్పలేదు. ఆమె జీవితంలో నోట్లో దాచుకున్న మాట బహుశా అదొక్కటే.

ఏడాది తిరక్కుండానే సొసైటీలో తానులు మడతపెట్టే పనికి కుదిరింది. పరీక్ష చేసేది గోపాలన్ అనే గుమాస్తా. టేపు పెట్టి కొలిచి, పైన ఒకసారి చూసి, ముద్ర వేసేవాడు. వల్లి మడతపెడుతూ కొన్ని తానులను పక్కన పెట్టేది. మూడేళ్ళు గమనించాడు మేనేజరు శివప్రకాశం. ఆమె పక్కన పెట్టినవే కొట్లవాళ్ళు తిప్పి పంపుతున్నారు. ఎనభై మూడులో ఆయన ఇంకేమీ ఆలోచించకుండా పలక ఆమెకు అప్పజెప్పి, కొలతలు మాత్రం గోపాలన్‌కు ఉంచాడు.

నేతగాళ్ళు గొణిగారు. ఆడమనిషి మన పనికి వంక పెట్టడమేమిటన్నారు. తన మొగుడి తాను వస్తే కళ్ళు మూసుకుని దాటిస్తుందిలే అన్నారు. ఆ రెండో మాట వల్లియమ్మకు ముల్లులా గుచ్చుకుంది. "మా ఇంటి తాను నేను ముట్టను సార్. దాన్ని గోపాలన్ అన్నే చూడాల" అని మేనేజరుకు ఖచ్చితంగా చెప్పేసింది. ఎంత న్యాయం తెలిసిన మనిషని అందరూ మెచ్చుకున్నారు. ఆ పేటలోనే ఉండే నేనూ మెచ్చుకున్నవాణ్ణే.

గొణిగినవాళ్ళు ఆరు నెలల్లో ఆమె మనుషులైపోయారు. ఎందుకంటే ఆమె తప్పు చూపించే తీరు వేరు. "ఏం మామా, ఎడమ భుజం నొప్పిగా ఉండాదా?" అని అడిగేది. నిజంగానే భుజం నొప్పి ఉండేది. "జొరంతో నేసినావు కదన్నా, రెండు దినాలు పండుకోలేకపోయినావా?" అనేది. ఇంట్లో ఆడవాళ్ళు కనిపెట్టని జ్వరాలు ఈమె చేతికి దొరికేవి. అప్పటికి కుప్పుస్వామికి అరవై ఎనిమిదేళ్ళు. పళ్ళిపట్టు నుంచి తాను చంకన పెట్టుకుని బస్సులో వచ్చేవాడు. ఎడమ పక్క గట్టిగా ఉండే ఆ బట్ట మీద చెయ్యి వేసినప్పుడల్లా వల్లియమ్మకు పుట్టిల్లు గుర్తొచ్చేది.

ఎనభై ఆరులో, తమిళ లెక్కన, కృత్తిక పండగ జరిగే ఆడి నెల వెళ్ళి ఆవణి వచ్చింది. ఒక పొద్దున తిరువళ్ళూరు నుంచి ఒక జవళికొట్టు యజమాని లుంగీల కట్ట తెచ్చి సొసైటీ వసారాలో పడేశాడు. ఒక్క ఉతుకుకే దోమతెరలైపోయాయని మండిపడ్డాడు. అమ్మకానికి ముక్కలు చేసేటప్పుడు చీటీలు, గుర్తుపోగులు ఉన్న కొసలు కోసేశారు. ఎవరి నేతో తేలలేదు. సరుకు తిరిగొచ్చిన నేతగాడికి మూడు నెలలు నూలు ఇవ్వకూడదని సొసైటీ కట్టుబాటు.

"ఇంకెవరిది, ముసలాయనదే అయ్యుంటుంది. చూపు ఆనడం లేదు కదా. పుట్టింటి మనిషని వల్లియమ్మ చూసీ చూడనట్టు పోనిచ్చుంటుంది" అన్నాడు గోపాలన్.

తానులు అప్పజెప్పడానికి వచ్చి కుప్పుస్వామి అక్కడే ఉన్నాడు. ఒక లుంగీ కళ్ళ దగ్గరకు పెట్టుకుని చూసుకున్నాడు. "నాదేనేమో అయ్యా. కండ్లు మునుపటి మాదిరి లేవు" అన్నాడు. ఆ వయసులో మూడు నెలలు మగ్గం ఆగితే ఆయన మళ్ళీ గుంటలోకి దిగలేడని, ఇంకెవరూ ఆయనకు నూలు ఇవ్వరని అక్కడున్న అందరికీ తెలుసు. ఆయనకూ తెలుసు.

శివప్రకాశం లుంగీని పలక మీద పరిచి, "సొల్లుమ్మా, చెప్పమ్మా, నువ్వు చెప్తే సరి" అన్నాడు.

వల్లియమ్మ చెయ్యి పెట్టింది. జానెడు దూరం కూడా జరపనవసరం లేకపోయింది. అంచు బిగువుగా ఉంది. నడుమ నాలుగు దెబ్బలు తాళంగా, తర్వాత పది దెబ్బలు పరధ్యానంగా, మళ్ళీ నాలుగు తాళంగా పడ్డాయి. ఆడి నెలంతా మనసు కొండ మీద కావళ్ళ ముందుంచి, చేతులు మాత్రం మగ్గానికిచ్చిన మనిషి నేత అది. ఆ మనిషి వసారా స్తంభానికి ఆనుకుని నిలబడి నేల చూస్తున్నాడు.

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ముసలాయనే ఒప్పేసుకుంటున్నాడు. చెబితే భర్త పరువు ఈ వసారాలోనే పోతుంది, ఇంట్లో మగ్గం ఆగుతుంది, పలక ఉంటుందో ఊడుతుందో కూడా తెలియదు. ఇవన్నీ ఆమెకు ఆ కాసేపట్లోనే తోచాయి. తర్వాత ఆమె చెయ్యి తీసేసింది.

"మామది కాదు సార్ ఇది. మా ఇంటి మగ్గానిది."

గోపాలన్ స్తంభం వైపు చూశాడు.

"తప్పు నాది గూడ ఉండాది" అంది మళ్ళీ. "మా ఇంటి తాను మీద నేను చెయ్యి పెట్టనంటినే, అదే తప్పు. పెట్టుంటే ఇది వాకిలి దాటేది కాదు. నాకు పేరు రావాలని చూసుకున్నా గాని, బట్ట సంగతి చూసుకోలేదు."

ఆదిమూలం తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. కుప్పుస్వామి మాత్రం పలక దగ్గరకొచ్చి, ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

మూడు నెలల నూలు ఆగింది. వల్లియమ్మ పలక వదిలేస్తానంటే శివప్రకాశం ఒప్పుకోలేదు. ఇంట్లో మాత్రం, "పదిమందిలో నా తల తీసినావు" అని ఆదిమూలం ఒక్క మాట అన్నాడు. "ఆ ముసలాయన తల తీయమంటావా బావా?" అని ఆమె అడిగింది. దాంతో మాటలు అయిపోయాయి. అతను పంబను అటక మీద పారేసి, కనకమ్మ సత్రం పక్కన చేలల్లో కూలికి పోసాగాడు. అన్నం కావాలన్నా పిల్లలతో "అమ్మను పెట్టమను" అనేవాడు.

ఒక సాయంత్రం ఆమె ఆ పంబను దింపి, దుమ్ము తుడిచి, అతని ముందు పెట్టింది.

"ఆడి నెలలో నూలు తీసుకోవద్దు బావా. ఆ నెలంతా దీన్నే వాయించు. తక్కిన నెలలు నెయ్యి. నువ్వు పుట్టింది దీనికోసరమని నాకు తెల్దా? రెండూ ఒకేసారి పట్టుకుంటేనే నీ చెయ్యి ఎటూ కాకుండా పోతాది."

అతను పంబను మళ్ళీ అటకెక్కించలేదు.

కార్తీక నెలలో నూలు వచ్చింది. తర్వాతి వారం ఆదిమూలం మొదటి తాను తెచ్చాడు. గోపాలన్ టేపు అందుకుంటుంటే అతన్ని దాటి నేరుగా పలక దగ్గరకు వచ్చి తాను పెట్టాడు.

"చెయ్యి పెట్టు" అన్నాడు. మూడు నెలల తర్వాత ఆమెతో అన్న మొదటి మాట అది. వసారాలో ఉన్నవాళ్ళందరూ ఇటు తిరిగారు.

ఆమె చెయ్యి మడతల్లోకి పోయింది. కొత్త కాపురంలో గరిటె తిప్పిన తాళమే చేతికి తగిలింది. ఒక్క దెబ్బ పొల్లు లేదు. ఆమెకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంక చూడాల్సిందేమీ లేదని చెయ్యి తీయబోతూ, అలవాటు కొద్దీ కొసదాకా జరిపింది. కొసకు రెండు మూరల ముందు వేళ్ళు ఆగాయి.

మళ్ళీ వెనక్కి జరిపి చూసింది. అనుమానం లేదు. మూడు నెలల మౌనం ఇప్పుడే విడింది, అది మళ్ళీ మొదలవుతుందేమోనని భయం పుట్టింది. అయినా నోరు ఆమె మాట వినలేదు.

"ఈడ పడుగు పోగు ఒకటి తెగింది బావా. అతకకుండా జానెడు దూరం పోయినావు."

ఆదిమూలం ముఖంలో మెల్లగా నవ్వు వచ్చింది.

"తెగలేదు. నేనే తెంపినా" అన్నాడు.

"ఎందుకు?"

"ఆ పొద్దు నా మీద కోపంతో చెప్పినావా, బట్టను చూసి చెప్పినావా అని మూడు నెల్లుగా ఒకటే యోచన. ఈ పొద్దు నాతో మంచిగుండాలని నీకు ఎంత ఆశ ఉండాదో నాకు తెలుసు. దీన్ని గాని దాటేసుంటే, ఆ పొద్దు నువ్వు చెప్పిందీ నమ్మేవాణ్ణి కాదు."

తానును చుట్టి భుజాన వేసుకున్నాడు. "మంచిది ఇంట్లో ఉండాది, తెస్తా" అంటూ మెట్లు దిగాడు.

"బావా" అని పిలిచింది వల్లియమ్మ. "అది గూడ నాకే ఇయ్యి. గోపాలన్ అన్న దగ్గరికి పోవద్దు."

"పోను" అన్నాడు ఆదిమూలం.