నార్బర్ట్ గారి స్తంభాలు

నార్బర్ట్ జలెస్కీ నలభై మూడేళ్ళుగా క్రమం తప్పకుండా కారు ఇన్సూరెన్స్ కడుతున్నాడు. ఆ నలభై మూడేళ్ళలో ఒక్కసారి కూడా క్లెయిమ్ అడగలేదు. కారుకేమీ కాలేదు కాబోలు అనుకునేరు. ఆ పాత బ్యూక్ కారు మీద అరచెయ్యి ఆనించడానికి నున్నటి చోటు కావాలంటే కాసేపు వెతుక్కోవాలి. సొట్ట పడినప్పుడల్లా సొంత డబ్బు పెట్టుకోవడం, ఎవరైనా అడిగితే "స్తంభం తగిలింది" అనడం ఆయన అలవాటు. విస్కాన్సిన్‌లోని ఆ చిన్న ఊళ్ళో ఉన్న స్తంభాలన్నీ పీకి తెచ్చి ఒకచోట పాతినా అన్ని సొట్టలు పడవు.

ఈ బాధంతా ఆయన ఇన్సూరెన్స్ ఏజెంటు మార్లీన్ హాక్‌ది. మార్లీన్ పద్ధతి గల మనిషి. బల్ల మీద పెన్సిళ్ళను కూడా పొడుగును బట్టి పేరుస్తుంది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఒక్క కాగితం మీద కూడా లేనిది ఉన్నట్టు రాయలేదు. అలాంటి మనిషికి దేవుడు ఏరి కోరి నార్బర్ట్‌ను అంటగట్టాడు.

చీజ్ ఫ్యాక్టరీలో రుచి చూసే ఉద్యోగం చేసి రిటైరైన నార్బర్ట్, నెలకోసారైనా ఆమె ఆఫీసుకు వచ్చేవాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని గొంతు తగ్గించేవాడు.

"మా స్నేహితుడికో చిన్న సందేహం మార్లీన్."

"ఏ స్నేహితుడండీ?"

"నీకు తెలీదులే. వాడి కారు వెనక బంపర్ ఒక పక్కకి ఊడి వేలాడుతోందిట. క్లెయిమ్ చేస్తే మంచిదా, చేతి డబ్బు పెట్టుకుంటే మంచిదా అని అడిగి రమ్మన్నాడు."

మార్లీన్ కిటికీలోంచి చూసేది. ఎదురుగా బ్యూక్ వెనక బంపర్ ఒక పక్కకి ఊడి వేలాడుతూ ఉండేది.

"మీ స్నేహితుడిది కూడా గోధుమరంగు బ్యూకేనా?"

"లోకంలో గోధుమరంగు బ్యూకులు బోలెడు. నువ్వు మాత్రం ఫైలు తెరవకు."

ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. ఒకప్పుడు కంపెనీ నంబరుకు ఫోన్ చేసి, "ఊరికే అడుగుతున్నానమ్మా" అంటూ ఒక సొట్ట సంగతి చెప్పాడు. అవతలి అమ్మాయి మర్యాదగా వింది, మర్యాదగా రాసేసుకుంది. కంపెనీ చిల్లిగవ్వ ఇవ్వకుండానే ఆయన పేరు మీద ఒక క్లెయిమ్ నమోదైపోయింది. దాన్ని చెరిపించడానికి మార్లీన్‌కు నాలుగు నెలలు, పదకొండు ఉత్తరాలు పట్టాయి. అప్పటినుంచి నార్బర్ట్ ఫోన్‌లో కారన్న మాటే ఎత్తడు. భార్య డొలోరెస్‌తో కూడా "అది ఎక్కడ పెట్టావ్?" అంటాడు.

సొట్టలు తీసే పని కూడా ఆయనదే. ఒక జనవరి ఆదివారం కుడి తలుపు మీద సలసల కాగే నీళ్ళు పోసి, తూము పూడుకుపోతే వాడే రబ్బరు ప్లంజర్ అతికించి లాగబోయాడు. ఆ చలికి నీళ్ళు తలుపు మీదే గడ్డకట్టుకుపోయాయి, ప్లంజర్ తలుపుకి మొలిచినట్టు ఉండిపోయింది. చర్చికి వేళైంది. డొలోరెస్ ఆ తలుపు జోలికి పోనని వెనక సీట్లో కూర్చుంది. ప్రార్థన ముగించుకుని బయటికి వచ్చేసరికి ఎవరో ఆ పిడికి మఫ్లర్ తగిలించి పోయారు.

"పరువు తీస్తున్నావయ్యా," అంది డొలోరెస్.

"మఫ్లర్ మంచిదే. ఉన్నిది," అన్నాడు నార్బర్ట్.

నిజానికి చిన్న సొట్టకు చేతి డబ్బు పెట్టుకోవడమే తెలివని మార్లీన్ కూడా అందరికీ చెప్తుంది. మొదటి అయిదు వందల డాలర్లు ఎలాగూ మనమే పెట్టుకోవాలి. ఆపైన కంపెనీ ఇచ్చే నాలుగు రాళ్ళకు మూడేళ్ళపాటు ప్రీమియం పెరుగుతుంది. కానీ నార్బర్ట్ రెండు వేల డాలర్ల దెబ్బకు కూడా అదే పాట పాడితే ఆమె ఊరుకోలేకపోయేది.

"మీ తప్పు లేనప్పుడు అవతలివాళ్ళ ఇన్సూరెన్సే ఇస్తుందండీ. మీకు పైసా ఖర్చుండదు."

"స్తంభానికి ఇన్సూరెన్స్ ఎక్కడుంటుందే పిచ్చిదానా?"

ఒక ఏడాది వసంతంలో, చర్చి హాల్లో శుక్రవారం చేపల విందు జరిగిన మర్నాడు, బ్యూక్ వెనక చక్రం పైన కొత్త సొట్ట కనిపించింది. పెద్దది. అదే రోజు రీటా వోల్టర్స్ ఎర్ర కారుకి వెనక దీపం పగిలి ఉండడం మార్లీన్ కంటపడింది. రీటా స్కూలు బస్సు నడుపుతుంది. ఇద్దరు పిల్లలు, ఒక్క జీతం. చలికాలంలో మంచుకి జారి ఒకరి పోస్టు డబ్బా పడగొట్టినందుకు ఆమె పేరు మీద ఒక తప్పు పడింది. ఇంకొకటి పడితే బస్సు తాళాలు లాగేసుకుంటానని కాంట్రాక్టరు ముఖం మీదే చెప్పేశాడు.

మార్లీన్‌కు విషయం అర్థమైంది. అర్థమవడం వేరు, తెలియడం వేరు. తెలిస్తే కంపెనీకి చెప్పి తీరాలి. అందుకని ఆమె రీటాను దీపం సంగతి అడగలేదు, నార్బర్ట్‌ను సొట్ట సంగతి అడగలేదు. మూడు వారాలు నిద్ర మాత్రం సరిగ్గా పట్టలేదు.

మే నెలలో వడగళ్ళు పడ్డాయి. ఒక్కోటి నిమ్మకాయంత. ఇరవై నిమిషాల్లో ఊళ్ళో కార్లన్నీ చిల్లుల గరిటెల్లా తయారయ్యాయి. రెండు రోజులకు కంపెనీ నష్టం అంచనా వేసే సర్వేయరును పంపింది. చర్చి ముందు ఖాళీ జాగాలో బల్ల వేశారు. పొద్దున్నే మార్లీన్ వెళ్ళేసరికి వరసలో అందరికన్నా ముందు గోధుమరంగు బ్యూక్ ఆగి ఉంది.

"మార్లీన్! ఫైలు తెరువు!" అని కేకేశాడు నార్బర్ట్.

ఆమె ఉన్నచోటే నిలబడిపోయింది. "మీరా? క్లెయిమా? ఒంట్లో బాగానే ఉందా?"

"పైనుంచి పడ్డ సొట్టకేం భయమే? దేవుడికి ప్రీమియం పెరగదుగా!"

ఆ మాటకు వరసలో వాళ్ళంతా నవ్వారు. మార్లీన్ నవ్వలేదు. ఇన్నాళ్ళూ ఆయన ఎవరి ప్రీమియం గురించి భయపడ్డాడో ఆమెకు అప్పుడే సగం తట్టింది.

సర్వేయరు కుర్రవాడే గాని పనిమంతుడు. పేరు క్రెయిగ్. "వడగళ్ళ దెబ్బల్నీ పాత దెబ్బల్నీ వేరుచేయాలండీ. ఇంకో కారు గుద్దినవైతే అది ఎవరిదో రాయాలి," అంటూ బ్యూక్ చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

"ఇదేంటి?"

"స్తంభం."

"మరి ఇది?"

"స్తంభం."

"ఇక్కడ పచ్చరంగు అంటుకుందే?"

"పచ్చ స్తంభం. ట్రాక్టర్ల కొట్టు దగ్గరుంటుంది."

"ఈ ఎడమ తలుపు మీద లేత నీలం?"

"అదింకో స్తంభం. తొమ్మిదేళ్ళయింది. జోరుగా మంచు కురుస్తోంది. పాపం, దానికి నేను కనపడలేదు."

మార్లీన్ మెల్లిగా వెనక్కి తిరిగింది. ఊళ్ళో లేత నీలం కారు ఒక్కటే ఉంది. అది ఆమె వెనకే ఆగి ఉంది. తొమ్మిదేళ్ళ కిందట ఇదే జాగాలో, మంచులో తన కారు వెనక్కి తీస్తుంటే దబ్బుమని చప్పుడైంది. మంచు కుప్ప కాబోలనుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఆ సోమవారమే ఈయన ఆఫీసుకొచ్చి స్నేహితుడి ఎడమ తలుపు గురించి అడిగాడు. "మీ స్నేహితుణ్ణి కాస్త కళ్ళు తెరుచుకుని నడపమనండి" అని ఆమె అరగంట క్లాసు పీకింది. ఆయన టోపీ పట్టుకుని బుద్ధిగా విన్నాడు. అది గుర్తొచ్చి మార్లీన్‌కు చెవులు వేడెక్కాయి.

క్రెయిగ్ వెనక చక్రం దగ్గర వంగాడు. "ఇది కొత్తది. ఎర్రరంగు. నెల కూడా కాలేదు."

వరసలో మూడో కారు తలుపు తెరుచుకుంది. రీటా దిగింది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"అది స్తంభం కాదండీ. అది..."

"రీటా!" నార్బర్ట్ అరుపుకి చర్చి మీది పావురాలు లేచాయి. "నా స్తంభం గొడవ నీకెందుకు? పోయి కారులో కూర్చో!"

"ఎన్నాళ్ళు దాచుతారు నార్బర్ట్ గారూ? నావల్ల మీ డబ్బు పోతుంటే నేను..."

"నీ బస్సు ట్రిప్పుకు వేళైంది. పిల్లలు ఎదురుచూస్తుంటారు. నడు!"

క్రెయిగ్ నడుం సరిచేసుకుని మార్లీన్‌ వైపు తిరిగాడు. "ఏజెంటు మీరే కదండీ. ఇవి ఎలా పడ్డాయో మీరు చెప్పండి. మీ మాట రాసుకుంటాను."

వరసలో ఉన్న సగం మందికి ఉన్నట్టుండి ఆకాశంలో చూడవలసినవి చాలా కనిపించాయి. రీటా తాళంచెవి గట్టిగా పట్టుకుని నిలబడింది. మార్లీన్ ఇరవై రెండేళ్ళ నిజాయితీని ఒక్క గుటకలో మింగింది.

"స్తంభాలేనండీ. మా ఊళ్ళో స్తంభాలు కాస్త కదులుతుంటాయి."

క్రెయిగ్ ఆమెను చూశాడు. ఎర్ర కారును చూశాడు, లేత నీలం కారును కాస్త ఎక్కువసేపు చూశాడు. కాగితం మీద "పాత దెబ్బలు, వడగళ్ళతో సంబంధం లేదు" అని రాసుకున్నాడు.

"పైకప్పుకీ బానెట్‌కీ ఇస్తామండీ. తలుపులకూ వెనక భాగానికీ రాదు."

"అవి నా సొంతంలే బాబూ," అన్నాడు నార్బర్ట్, ఆస్తి గురించి చెప్పినట్టు.

మార్లీన్ ఆయన్ని చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కుపోయింది. "తొమ్మిదేళ్ళు! నాతో ఒక్క ముక్క చెప్పకపోతే ఎలాగండీ?"

"చెప్తే ఏం చేసేదానివి?"

"కంపెనీకి రాసేదాన్ని."

"ఎవరి మీద?"

"నా మీదే."

"అదే నీతో వచ్చిన తంటా. ఏజెంటే గుద్దిందంటే ఈ ఊళ్ళో నీ గడప ఎవరు తొక్కుతారు?"

"ఆ తలుపు నేను బాగుచేయిస్తాను. ఇవాళే."

"ముట్టుకుంటే ఊరుకోను. ఆ సొట్ట పడ్డాకే దాంట్లోంచి చలిగాలి రావడం మానేసింది."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నవ్వే గెలిచింది.

అరగంటకు రీటా బస్సు అటుగా వచ్చింది. రోడ్డుకు రెండు పక్కలా కార్లు నిలిచి దారి ఇరుకైపోయింది. నార్బర్ట్ రోడ్డు మధ్యకి ఉరికి, "రా, రా! బోలెడు చోటుంది! ఇంకా రా!" అంటూ రెండు చేతులూ ఊపడం మొదలుపెట్టాడు. మార్లీన్ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఎంతసేపటికీ ఏ చప్పుడూ కాలేదు. కళ్ళు తెరిచేసరికి బస్సు మలుపు తిరుగుతోంది. వెనక అద్దంలోంచి పిల్లలు చేతులూపుతుంటే, నార్బర్ట్ రోడ్డు మధ్యనే నిలబడి వాళ్ళకు టోపీ ఊపుతున్నాడు.